ఉన్నట్టుండి తిరగబడిన కుక్క

ఒక ఇంట నాలుగేండ్లుగా పెరుగుతున్న కుక్క. పొరుగింటి కుక్కతో కలసి వీథి చివరి వరకు పరుగెత్తటం, దుమ్ములో పొర్లటం దానికి నిత్యకృత్యం. ఒకనాటి ఉదయం ఆ పొరుగు కుక్క ఎప్పటివలెనే తోక ఆడిస్తూ దగ్గరకు వచ్చింది. ఇది మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని, ఒక్క ఉదుటున మీదపడి దాని గొంతు పట్టుకొన్నది. విడదీయబోయిన యజమాని చేతికి గాటు పడింది. మరునాడు వేరొక కుక్క కనబడినా అదే తీరు. ఇంటిల్లిపాది నోటా ఒకటే మాట: “నిన్నటిదాకా బాగానే ఉన్నది, ఉన్నట్టుండి దీనికేమయింది?”

ఈ “ఉన్నట్టుండి” అనే మాటకు అర్థమేమిటని మానవుడు చాలాకాలంగా ఆలోచిస్తున్నాడు. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం వచ్చింది. ఆ సమాధానాన్ని బట్టి కుక్కకు పట్టే గతి కూడ మారుతూ వచ్చింది. ఒకప్పుడు తుపాకిగుండు, ఒకప్పుడు కొరడా, మరొకప్పుడు ఒక మాంసపు ముక్క! కనుక ఈ చరిత్ర కేవలం శాస్త్రజ్ఞుల వాదప్రతివాదాల చరిత్ర కాదు.

మొదటి సమాధానం మన భాషలోనే ఉన్నది. కారణం లేకుండా కరిచే కుక్కను మనం “పిచ్చికుక్క” అంటాము. ఈ పిచ్చి ఒక వ్యాధి అని మన పూర్వులు ఎరుగుదురు. సుశ్రుతసంహితలోని కల్పస్థానంలో పిచ్చిపట్టిన జంతువుల కాటును గూర్చి, ఆ కాటు తిన్న మనిషికి నీటిని చూస్తే కలిగే భయాన్ని గూర్చి వర్ణన ఉన్నది. అది విషమని వారు భావించారు. గ్రీకు దేశపు అరిస్టాటిల్ కూడ కుక్క పిచ్చిని గూర్చి వ్రాశారు. పిచ్చికుక్క కరిచిన జంతువులన్నిటికీ పిచ్చి పట్టుతుందని చెబుతూ, మనిషిని మాత్రం మినహాయించారు! అంతటి పరిశీలకుడు ఇంతటి పొరపాటు ఎట్లా చేశారో ఆశ్చర్యమే. మొత్తానికి పిచ్చి ఎండవేడి వలన పుట్టుతుందని, దాహం వలన పుట్టుతుందని రకరకాల ఊహలు పందొమ్మిదవ శతాబ్దం దాకా సాగాయి.

1804 లో జర్మనీ దేశస్థుడు జింకే ఒక సులభమైన ప్రయోగం చేశారు. పిచ్చికుక్క చొంగను తీసి, ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మంపై గాటుపెట్టి అక్కడ పూశారు. ఆ కుక్కకు కూడ పిచ్చి పట్టింది. అనగా పిచ్చి ఎండలో లేదు, దాహంలో లేదు, చొంగలో ఉన్నది. ఇక పాశ్చర్ మహాశయుని కథ పాఠకులకు తెలిసినదే. 1885 జూలై 6 న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్ అనే బాలుణ్ణి తల్లి పారిస్ నగరానికి తీసుకొని వచ్చింది. ఎండబెట్టిన కుందేటి వెన్నుపాముతో చేసిన మందును పదిరోజులలో పదమూడు సార్లు ఎక్కించారు. బాలుడు బ్రతికాడు.

ఈ కథలో సాధారణంగా చెప్పని ముక్క ఒకటి ఉన్నది. ఆ బాలుణ్ణి కరిచిన కుక్క నిజంగా పిచ్చిదేనని ఎట్లా తెలిసింది? యజమాని దాన్ని చంపివేశాడు. కడుపు కోసి చూస్తే ఎండుగడ్డి, గడ్డిపరకలు, కట్టెముక్కలు కనిపించాయి. తినరానివి తిన్నది గనుక అది పిచ్చిదని నిశ్చయించారు. ఆ కాలంలో పశువైద్యులకు అంతకంటె మంచి ఆధారం చాలా అరుదు. ఒక కుక్క మరొక కుక్కపై పడి కరిచిన మాత్రాన అది రోగమో, కోపమో, భయమో చెప్పగల సాధనం లేదు. అందుచేత అనుమానం వచ్చిన ప్రతి కుక్కనూ చంపటమే ఆచారమైపోయింది. 1903 లో ఇటలీ దేశంలోని పావియా నగరంలో నెగ్రీ అనే వైద్యుడు పిచ్చి పట్టిన జంతువుల మెదడు కణాలలో ప్రత్యేకమైన చిన్న చిన్న బిందువులను సూక్ష్మదర్శినిలో చూచారు. అప్పటినుండి రోగనిర్ణయానికి గట్టి ఆధారం దొరికింది. కాని అది కూడ కుక్క చచ్చిన తరువాత దొరికే ఆధారమే.

మన దేశంలో 1900 లో కసౌలీలోను, 1907 లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. గొర్రె మెదడుతో చేసే టీకామందును 1911 లో కసౌలీలోనే సెంపుల్ రూపొందించారు. “పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు” అని మన పెద్దలు భయపెట్టే మాటకు మూలం ఆ మందే. దాని తయారీని మన దేశంలో 2004 చివర నిలిపివేశారు. నేడు వాడే టీకాలను కణవర్ధనంలో తయారు చేస్తారు. వాటిని బొడ్డు చుట్టూ వేయరు.

ఇక బ్రిటనులో ఏమి జరిగిందో చూడాలి. ఆ దేశం కుక్కల మూతులకు చిక్కాలు కట్టించి, దిక్కులేని కుక్కలను పట్టించి, 1902 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర మరల ప్రవేశించినా 1922 నాటికి అదీ తుడిచిపెట్టుకొనిపోయింది. రేబిస్ పోయింది; కుక్కల కలహాలు మాత్రం పోలేదు! అక్కడ కూడ నిన్నటిదాకా సాధువుగా ఉన్న కుక్క నేడు తోటి కుక్క మీద పడుతూనే ఉన్నది. కాబట్టి వ్యాధి ఒక్కటే కారణమనే సమాధానం చాలదని తేలిపోయింది.

రెండవ సమాధానం ఒక రష్యా ప్రయోగశాల నుండి వచ్చింది. గంట విని చొంగ కార్చిన కుక్క వలన ప్రసిద్ధుడైన పావ్లోవ్ అక్కడి ఆచార్యుడు. 1914 లో ఆయన శిష్యురాలు షెంగర్ క్రెస్తోవ్నికోవా ఒక కుక్కకు రెండు ఆకారాలు నేర్పారు. తెరపై వృత్తం కనబడితే ఆహారం వస్తుంది. దీర్ఘవృత్తం కనబడితే రాదు. మొదట దీర్ఘవృత్తం పొడవు, వెడల్పులు రెండుకు ఒకటిగా ఉండేవి. కుక్క తేలికగా గుర్తుపట్టింది. క్రమంగా దీర్ఘవృత్తాన్ని గుండ్రంగా చేస్తూ పోయారు. తుదకు నిష్పత్తి తొమ్మిదికి ఎనిమిది అయింది. ఇక్కడ కుక్క తడబడింది. మూడువారాలు అభ్యాసం చేయించినా మెరుగుకాకపోగా, నేర్చినది కూడ మరచిపోయింది. అంతవరకు చట్రంలో నెమ్మదిగా నిలబడే జంతువు మూలగసాగింది, గింజుకొన్నది, ఒంటికి తగిలించిన పరికరాలను పళ్లతో పెరికివేసింది, గొట్టాలను కొరికివేసింది. ప్రయోగపు గదిలోకి తీసుకొని వస్తుంటేనే తీవ్రంగా మొరిగేది. ఇంతకు పూర్వం దానికి ఆ అలవాటే లేదు.

ఈ కుక్కకు రోగం లేదు. దాని రక్తంలో విషం లేదు. దానిని ఎవరూ కొట్టలేదు కూడ. తేల్చుకోలేని ఒక చిక్కు దాని ముందు పెట్టారు, అంతే. బయటినుండి వచ్చి ఆ గదిలోకి అప్పుడే తొంగిచూచిన వానికి మాత్రం “ఉన్నట్టుండి పిచ్చెత్తింది” అనే తోచి ఉండేది. మరల మొదటినుండి, తేలికైన ఆకారాలతో మొదలుపెట్టగా అది మెల్లమెల్లగా నెమ్మదించింది. అయితే తొలిసారి పట్టిన కాలం కంటె ఈసారి ఎక్కువ కాలం పట్టింది.

పదేండ్ల తరువాత ప్రకృతియే ఒక ప్రయోగం చేసింది. 1924 సెప్టెంబరు 23 న నీవా నదికి వరద వచ్చి లెనిన్‌గ్రాడు మునిగింది. కుక్కల గూళ్లలోకి నీరు చేరింది. పరిచారకులు వాటిని ఈదించి ప్రయోగశాలకు చేర్చారు. ప్రాణాలు దక్కాయి గాని, కొన్ని కుక్కల నడవడి మారిపోయింది, నేర్చినవి చెదిరిపోయాయి. వారాల తరబడి ఓర్పుతో వాటిని మామూలు స్థితికి తెచ్చిన తరువాత, ఒకనాడు తలుపు కింది సందు గుండా గదిలోకి కొద్దిగా నీరు పారించారు. ఆ సన్నని ధారను చూడగానే కలత అంతా తిరిగి వచ్చింది. తలుపు కింది చెమ్మను పట్టించుకోని మనిషికి అది కారణం లేని కలత. కుక్కకు మాత్రం ఆ చెమ్మే వరద. పాఠశాలలో నిబంధిత ప్రతిచర్యను చెప్పేటప్పుడు గంట, చొంగల ఉదాహరణతో ఆగిపోక, ఈ నీటిధార సంగతి కూడ చెప్పితే విద్యార్థులకు విషయం మరింత బాగా పట్టుబడుతుంది.

అయితే ఈ ఆలోచన ప్రయోగశాలల గోడలు దాటి కుక్కలు పెంచే ఇండ్లకు చేరటానికి చాలా ఆలస్యమయింది. ఈలోగా మూడవ సమాధానం ఒకటి బయలుదేరి లోకమంతా ఆక్రమించింది.

స్విట్జర్లండులోని బాసెల్ జంతు ప్రదర్శనశాలలో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు తోడేళ్లను పరిశీలించి, 1947 లో ఒక పెద్ద వ్యాసం ప్రకటించారు. తోడేళ్ల గుంపులో మగవాటిలో ఒకటి, ఆడవాటిలో ఒకటి మిగిలిన వాటిపై పెత్తనం చేస్తాయని, ఆ పెత్తనం కొరకు నిత్యం పోరాటం సాగుతుందని ఆయన చూచినది. చూచినది నిజమే. కాని ఎక్కడ చూచారు? పది మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల పొడవు గల ఆవరణలో ఒక్కొక్కప్పుడు పది తోడేళ్లను కలిపి ఉంచారు. ఓడినది పారిపోదామంటే దారి లేదు. చెరసాలలోని ఖైదీలను చూచి కుటుంబ జీవితాన్ని వర్ణించినట్లున్నది ఈ పని. ఇందులో షెంకెల్ తప్పు కంటె ఆయనను ఉదహరించిన వారి తప్పే ఎక్కువ.

అమెరికాకు చెందిన డేవిడ్ మీచ్ 1970 లో తోడేళ్లపై ప్రకటించిన గ్రంథం ఈ భావాన్ని సామాన్య పాఠకులకు చేర్చింది. కుక్క తోడేలు సంతతిది గనుక అదీ పెత్తనం కొరకే పోరాడుతుందని శిక్షకులు తీర్మానించారు. కుక్క మరొక కుక్క మీదికి పోయిందా, యజమాని తన పెత్తనం నిలుపుకోలేదన్నమాట! దానిని వెల్లకిల పడద్రోసి, గొంతు అదిమిపట్టి, లొంగేవరకు వదలరాదని 1978 లో న్యూ స్కీట్ మఠానికి చెందిన క్రైస్తవ సన్యాసులు వ్రాసిన శిక్షణ గ్రంథం బోధించింది. అది విశేషంగా అమ్ముడుపోయింది. తరువాతి ముద్రణలో వారే ఆ సలహాను ఉపసంహరించుకొన్నారు.

మీచ్ చేసిన పని ఇంకా మెచ్చదగినది. 1986 నుండి వేసవి తరువాత వేసవి కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఎల్స్‌మియర్ ద్వీపంలో అడవి తోడేళ్ల నడుమ గడిపి, ఆయన కనుగొన్నది ఇది: అడవిలో గుంపు అంటే చాలావరకు ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు. పెద్దవైన పిల్లలు పోరాడి సింహాసనం ఎక్కవు. ఇల్లు వదలి పోయి తమ సంసారం తాము పెట్టుకొంటాయి. 1999 లో ఆయన ఈ సంగతి ప్రకటించి, తమ పాత గ్రంథంలోని భావం సరికాదని ఒప్పుకొన్నారు. ఆ గ్రంథాన్ని ఇక ముద్రించవద్దని ప్రచురణకర్తలను పదేపదే కోరగా, తుదకు 2022 లో ముద్రణ ఆగింది. బాసెల్ ఆవరణ నుండి అక్కడికి డెబ్బదియైదేండ్లు!

మన తెలుగునాట వీథి కుక్కలకు ఆవరణ లేదు. చిత్తకార్తెలో అవి గుంపులు కట్టి కొట్లాడుకోవటం పల్లెవాసులందరూ ఎరిగినదే. ఏడాదంతా పక్కపక్కన పడుకొన్న మగకుక్కలు ఆ పదునాలుగు రోజులూ బద్ధవైరులు. పశ్చిమ బెంగాలులో సునీల్ కుమార్ పాల్ ఇట్టి స్వేచ్ఛా కుక్కలను అనుసరించి తిరిగి, వాటి కలహాలు ఋతువును, లింగభేదాన్ని, వయస్సును బట్టి ఎట్లా మారుతాయో 1998 లో ప్రకటించారు. కార్తెలు లెక్కించే రైతుకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

పెత్తనం సిద్ధాంతం ప్రబలుతున్న ఆ దశాబ్దాలలోనే మరికొందరు వేరు దారిన పోయారు. అమెరికాలోని బార్ హార్బరు అనే ఊరిలో స్కాట్, ఫుల్లర్ అనే ఇరువురు అయిదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పెంచి, 1965 లో ఫలితాలు గ్రంథరూపాన ప్రకటించారు. పుట్టిన మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు గల కాలంలో కుక్కపిల్ల ఎవరిని చూస్తుందో వారినే తనవారుగా ఎంచుకొంటుందని వారు తేల్చారు. ఆ కాలంలో ఇతర కుక్కలను చూడని పిల్ల పెద్దదైన తరువాత వాటిని చూచి జంకుతుంది. జాతి ప్రభావం కూడ లేకపోలేదు. ఫాక్స్ టెర్రియర్ పిల్లలను ఒకే ఈతలో పుట్టినవైనా పెద్ద గుంపుగా కలిపి ఉంచటం సాధ్యం కాలేదు; అన్నీ కలసి ఒకదానిపై పడేవి.

1962 లో ఉల్రిక్, ఆజ్రిన్ అనే శాస్త్రజ్ఞులు రెండు ఎలుకలను ఒక పెట్టెలో ఉంచి, నేలకు విద్యుత్తు తగిలించారు. అంతవరకు ఊరకున్న ఎలుకలు వెంటనే లేచి ఒకదానితో ఒకటి కలహించాయి. ఇది కఠినమైన ప్రయోగమే. చదివేటప్పుడు మనస్సు నొచ్చుకొంటుంది. కాని దీని నుండి తెలిసినది కుక్కల యజమానులకు ఎంతో అవసరం. బాధ కలిగించినది నేలలోని తీగ. దెబ్బ తిన్నది ఎదుటి ఎలుక. మరొక కుక్క కనబడినప్పుడల్లా మెడపట్టీని గట్టిగా గుంజి, బెత్తంతో కొట్టే యజమాని ఏమి నేర్పుతున్నాడు? ఆ కుక్క కనబడితే నొప్పి వస్తుందని! “కుక్కకాటుకు చెప్పుదెబ్బ” అని మన సామెత. ఆ చెప్పుదెబ్బే మరుసటి కాటుకు బీజమవుతుందేమో సామెత చెప్పినవారు చూడలేదు. 2009 లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 140 మంది యజమానులను ప్రశ్నించారు. కుక్కను కొట్టటమో, తన్నటమో చేసి చూచిన వారిలో 43 శాతం మంది అది తిరగబడినట్లు చెప్పారు. వెల్లకిల పడద్రోసిన వారిలో 31 శాతం మందిది అదే అనుభవం.

మరి కొట్టక చేసే చికిత్స ఏది? దాని మూలం ఒక పసివాని వద్ద ఉన్నది. 1924 లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కుందేటిని చూచి బెదరే పీటర్ అనే బాలునికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, పంజరంలోని కుందేటిని రోజురోజుకు కొంచెం దగ్గరగా జరిపించారు. క్రమంగా బాలుడు కుందేటిని ఒడిలో పెట్టుకొని నిమిరాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జోహనెస్‌బర్గులో జోసెఫ్ వోల్పే ఇదే మార్గాన్ని పిల్లులపై పరీక్షించారు. ఒక పెట్టెలో విద్యుత్తు తగిలి భయపడిన పిల్లులు ఎంత ఆకలిగా ఉన్నా అందులో తినేవి కావు. ఆ గదిని పోలని వేరొక గదిలో మొదట ఆహారం పెట్టి, క్రమంగా దగ్గరకు తెచ్చి, తుదకు ఆ పెట్టెలోనే తినేటట్లు చేశారు. మానవుల భయాలకు ఆయన ఏర్పరచిన చికిత్స దీని నుండి వచ్చినదే. 1974 లో ట్యూబర్, హాదర్సాల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వోయిత్ అనే పశువైద్యురాలు కలసి ఈ పద్ధతిని ఇంటి కుక్కలకు ఎందుకు వాడరాదని ఒక వ్యాసంలో అడిగారు. పావ్లోవ్ కుక్కకు గది మూలగా నేర్పిన పాఠం ఆ విధంగా అరువదేండ్లకు కుక్కలకే తిరిగి వచ్చింది.

చేసేది చూడటానికి చాలా సామాన్యం. మరొక కుక్కను చాలా దూరంగా, అనగా మన కుక్క దాన్ని చూచి కూడ వెంట్రుకలు నిక్కబొడవనంత దూరంలో నిలపాలి. అది కనబడిన ప్రతిసారీ వెంటనే మాంసపు ముక్క. కనుమరుగు కాగానే ముక్క ఆగిపోవాలి. కొన్ని వారాలలో అడుగు అడుగుగా దూరం తగ్గించాలి. కుక్క బిగుసుకొన్నదంటే మనం తొందరపడినట్లే, వెనుకకు పోవాలి. పావ్లోవ్ ప్రయోగశాలలో తిరిగి తేలిక ఆకారాలతో మొదలుపెట్టినది ఇందుకే. ఈ అభ్యాసం సాగినన్నాళ్లు మూతికి చిక్కం, మెడకు పట్టీ తప్పనిసరి. పోట్లాడుతున్న కుక్కల నడుమ చేయి పెట్టరాదు. ఒకవేళ కాటు పడితే పావుగంటసేపు సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి. మన దేశంలో రేబిస్ ఇంకా ఉన్నది. రేబిస్ సోకిన కుక్క ఒక్క కుక్కలనే కాదు, మనుషులను, పశువులను, కర్రను, రాతిని కూడ కరుస్తుంది. గొంతు మారుతుంది, దవడ జారుతుంది, సాధారణంగా పదిరోజులలో చనిపోతుంది.

ఇంతకీ మొదట చెప్పుకొన్న ఆ నాలుగేండ్ల కుక్క సంగతి. అది చిన్ననాట ఇతర కుక్కలతో మెలిగినదే. దానిని ఎవరూ కొట్టలేదు. ఏటేటా టీకా కూడ వేయించారు. ఇట్టి కుక్క మారిందంటే అనుభవం గల పశువైద్యుడు ముందుగా శరీరాన్నే అనుమానిస్తాడు. 2020 లో ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు తమ వద్దకు వచ్చిన నడవడి దోషాలను సమీక్షించి, తక్కువలో తక్కువ మూడింట ఒక వంతు కుక్కలలో ఏదో ఒక నొప్పి దాగి ఉన్నదని వ్రాశారు. తుంటి కీలులో నొప్పి ఉన్న కుక్క కుంటకపోవచ్చు, మూలగకపోవచ్చు. పొరుగు కుక్క ఎప్పటివలెనే ఆటకు నడుము మీదికి దూకినప్పుడు మాత్రం ఆ నొప్పి మెరుపులా లేస్తుంది. చెవి లోపలి చీము, పగిలిన పన్ను, మసకబారిన చూపు కూడ అంతే. దూకినది నేస్తమే, నొప్పికి కారణమూ అదేనని కుక్క లెక్క.

అందుచేత వైద్యుడు కుక్కను కాస్త దూరం నడిపించి చూస్తాడు. వెనుక కాళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా చాపుతాడు. నోరు తెరిపిస్తాడు, చెవులలోకి దీపం వేసి చూస్తాడు. ఆ తరువాతనే యజమాని వైపు తిరిగి, “మీద పడినది నిన్ననే కావచ్చు. పోనీ, దగ్గరకు వచ్చిన నేస్తాన్ని చూచి మొదటిసారి మొగం పక్కకు తిప్పుకొన్నది ఎప్పుడు?” అని అడుగుతాడు.